రెండు ప్రభుత్వాల మధ్య ఒక లబన్ బండి

2013 మే నెలలో నేను అల్ ఖర్జ్‌లో ఒక డెయిరీలో పనిచేస్తున్నాను. నా హోదా 'డెప్యూటీ మేనేజర్, క్వాలిటీ అష్యూరెన్స్ అండ్ రెగ్యులేటరీ అఫైర్స్'. విజిటింగ్ కార్డు మీద రెండు వరుసలు పట్టేది. మొదటి సగానికి అర్థం, పాలు బాగున్నాయో లేదో చూడటం. రెండో సగానికి అర్థం, బాగున్న పాలు బాగున్నాయని ప్రభుత్వాలను ఒప్పించడం. మొదటి పనికి కంపెనీ నాకొక లాబొరేటరీ ఇచ్చింది. రెండో పనికి ఒక ఫ్యాక్స్ మెషీన్ ఇచ్చింది.

అల్ ఖర్జ్ రియాద్‌కు దక్షిణంగా, ఎడారి మధ్య ఉంటుంది. అక్కడ వేల ఆవులు నీటి తుంపర్ల కింద, ఫ్యాన్ల గాలిలో నిలబడి పాలిస్తాయి. అన్నీ ఐరోపా జాతి ఆవులే. ఆ రోజుల్లో సౌదీలో విదేశీయుల లెక్క చూస్తున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆవులు ఆ లెక్కలోకి రావు. వాటిని కడిగేవాళ్ళు, మేత వేసేవాళ్ళు, పాలు మోసే బండ్లు నడిపేవాళ్ళు మాత్రం వస్తారు.

ఆ లెక్క పేరు నితాఖాత్. కంపెనీలో సౌదీ పౌరులు ఎంతమంది, బయటివాళ్ళు ఎంతమంది అని చూసి కార్మికశాఖ కంపెనీకి ఒక రంగు వేస్తుంది. ఆకుపచ్చ అయితే అన్ని పనులూ అవుతాయి. ఎరుపైతే ఏదీ కాదు. మధ్యలో పసుపు. మాది పసుపు. పసుపు కంపెనీ ఆరేళ్ళు దాటిన విదేశీయుడి ఇఖామాను, అంటే నివాస అనుమతిని, రెన్యూ చేయించలేదు. పైగా అంతకుముందు చలికాలం నుంచి, సౌదీల సంఖ్యకు మించి ఉన్న ప్రతి విదేశీయుడి మీదా ప్రభుత్వానికి లెవీ కట్టాలి. దీనికి మా యాజమాన్యం ఆలోచించి కనిపెట్టిన పరిష్కారం, మనుషుల్ని తగ్గించి ట్రిప్పులు పెంచడం. డ్రైవర్లకు నిద్ర తగ్గింది. నివేదికల్లో దీన్ని సామర్థ్యం పెరగడం అన్నారు.

ఇక ఈ కథకు కావలసిన రెండో సంగతి, పరస్పర గుర్తింపు. గల్ఫ్ ప్రభుత్వాలన్నీ కలిసి ఒక మంచి నియమం పెట్టుకున్నాయి. ఒక దేశంలో పరీక్షించి పాసైన సరుకును మిగతా దేశాలు మళ్ళీ పరీక్షించకుండా ఒప్పుకోవాలి. మా పాలు మా లాబ్‌లో పాసైతే పొరుగు దేశంలోనూ పాసైనట్టే. వినడానికి ఎంతో బాగుంటుంది. అందుకే ఆ నియమంలోనే ఇంకో వాక్యం చేర్చారు. ఏ ప్రభుత్వమైనా, ఏ సరుకు విషయంలోనైనా, తాత్కాలికంగా మినహాయింపు తీసుకోవచ్చు.

మా పొరుగు ప్రభుత్వం లబన్ విషయంలో మినహాయింపు తీసుకుంది. లబన్ అంటే మన మజ్జిగకు అరబ్బు చుట్టం. కాస్త చిక్కగా, సీసాలో ఉంటుంది. సీసా మీద మేము వేసే గడువు తేదీకీ వాళ్ళు ఒప్పుకునే తేదీకీ రెండు రోజుల తేడా. అదే లబన్, అదే సీసా. సరిహద్దుకు ఇవతల తాజా, అవతల పాతది. ఈ తేడా తీర్చడానికి ఒక ఉమ్మడి సంఘం వేశారు. ఆ సంఘం ఏటా ఒకసారి సమావేశమై, వచ్చే ఏడు సమావేశం కావాలని తీర్మానించేది.

ఈలోగా వ్యాపారం ఆగకూడదని మా వైపు డెయిరీలు మొత్తుకుంటే, ఎంపిక చేసిన ప్లాంట్లకు ఆరేసి నెలల చొప్పున అనుమతి ఇచ్చారు. అంటే ఆ మినహాయింపు నుంచి మాకు మినహాయింపు. అది పొడిగించుకుంటూ పోవడమే నా విజిటింగ్ కార్డులోని రెండో వరుస.

అందులో చిక్కొకటి ఉంది. మా వైపు కార్యాలయం ఆరు నెలల్ని హిజ్రీ క్యాలెండర్ ప్రకారం లెక్కపెడుతుంది. చంద్రుణ్ణి బట్టి నడిచే నెలలు కాబట్టి గడువు కొంచెం ముందే తీరిపోతుంది. పొరుగువాళ్ళు ఇంగ్లీషు క్యాలెండర్ చూస్తారు, కొత్త జాబితాను వారం మొదట్లో మాత్రమే అమల్లోకి తెస్తారు. ఈసారి మా పాత అనుమతి ఒక మంగళవారంతో తీరిపోతోంది. కొత్తది ఆదివారం నుంచి. మధ్యలో ఉన్న రోజుల్లో మా లబన్‌కు ఏ హోదా లేదు.

ఈ సంగతి నేను ముందే గమనించి, ఆ రోజుల్లో పొరుగు దేశానికి బండ్లు పంపవద్దని సేల్స్ విభాగానికి రాశాను. 'నోటెడ్ విత్ థాంక్స్' అని జవాబు వచ్చింది. బుధవారం ఉదయం బండి బయల్దేరింది.

ఆ మధ్యాహ్నం నాకు మస్తాన్ వలీ ఫోన్ చేశాడు. రాయచోటి దగ్గరి మనిషి. మా కంపెనీలో పదేళ్ళుగా చల్లబండి, అంటే సరుకుతో పాటు చలిని కూడా మోసే ట్రక్కు, నడుపుతున్నాడు. తక్కువ మాట్లాడతాడు. బండి దిగగానే సరుకు పెట్టె తలుపు రబ్బరును చేత్తో తడిమి చూసుకునే అలవాటు. నేను డ్రైవర్లకు ఉష్ణోగ్రతల గురించి క్లాసులు తీసుకునేవాణ్ణి. ఆ క్లాసుల్లో నిద్రపోని ఇద్దరు ముగ్గురిలో అతనొకడు.

"సార్, ముందుకి పోనీయరంట. యెనక్కి కూడా రానీయరంట. మద్దెలో యార్డులో పెట్టినారు," అన్నాడు.

పొరుగు దేశపు తనిఖీదారు జాబితా చూశాడు, మా ప్లాంటు పేరు లేదు, బండి తిప్పి పంపాడు. అంతవరకు అర్థమైంది. వెనక్కి ఎందుకు రానీయరో అర్థం కావడానికి నాకు ఇంకో మూడు ఫోన్లు పట్టింది. మా బండి సౌదీ గేటు దాటిన క్షణంలోనే ఎగుమతి అయిపోయింది. ఇప్పుడు వెనక్కి వస్తే అది దిగుమతి. దిగుమతి అయ్యే పాల సరుకుకు, తయారైన దేశం ఇచ్చిన ధ్రువపత్రం కావాలి. తయారైన దేశం సౌదీ. సౌదీ సరుకును సౌదీలోకి దిగుమతి చేసుకోవడానికి ధ్రువపత్రం ఇచ్చే విభాగం సౌదీలో లేదు. మంత్రిత్వశాఖ నుంచి ప్రత్యేక లేఖ తెస్తే చూస్తామన్నారు. బుధవారం సాయంత్రం అయింది. అప్పట్లో సౌదీలో గురు, శుక్రవారాలు సెలవు. పొరుగు దేశంలో శుక్ర, శనివారాలు. రెండు ప్రభుత్వాలు ఒకేసారి మేలుకుని ఉండేది ఆదివారం నుంచి బుధవారం దాకానే.

"ఆదివారందాకా ఉండగలవా మస్తాన్?" అని అడిగాను. డీజిలు ఉంది, నీళ్ళున్నాయి, ఫర్వాలేదంటాడనుకున్నాను.

"ఇఖామా శుక్రవారంతో అయిపోతాది సార్," అన్నాడు.

అప్పుడు నాకు నిజంగా అర్థమైంది. పదేళ్ళు దాటినవాడు; పసుపు కంపెనీ; రెన్యూవల్ లేదు. గడువు తీరే వారంలో అతన్ని దేశం దాటించిన ఘనత మా ట్రాన్స్‌పోర్ట్ విభాగానిది. గురువారానికి తిరిగి వచ్చేస్తాడు కదా అనుకున్నారట. జిజాన్‌లో ఒక సౌదీ కోళ్ళ కంపెనీ, ఆకుపచ్చ రంగుది, అతన్ని తన స్పాన్సర్‌షిప్ కిందికి తీసుకోవడానికి ఒప్పుకుంది. ఆ రోజుల్లో ప్రభుత్వం ఒక మొహలత్ ప్రకటించింది. కాగితాలు సరిగా లేనివాళ్ళు కొన్ని నెలల్లోగా సరిచేసుకోవచ్చు, కంపెనీ మారవచ్చు, శిక్ష ఉండదు. షరతు ఒక్కటే. మనిషి దేశం లోపల ఉండాలి. మస్తాన్ ఉన్నది లోపలా కాదు, బయటా కాదు. శుక్రవారం దాటితే సౌదీ గేటు అతనికి తెరుచుకోదు. చెల్లే ఇఖామా లేకుండా వీసా ఇవ్వరు కాబట్టి అవతలి గేటూ తెరుచుకోదు.

బండి వదిలేసి నడిచి రావచ్చు కదా అంటే, అదీ కుదరదు. బయటికి వెళ్ళేటప్పుడు బండి నంబరు డ్రైవరు పేరు మీద కంప్యూటర్లో ఎక్కుతుంది. బండి లేకుండా మనిషి వాపసు రాకూడదు.

నేను జనరల్ మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన ప్రశాంతంగా విన్నాడు. ఆదివారం నుంచి కొత్త జాబితా అమల్లోకి వస్తుంది కాబట్టి ఆదివారం దాకా ఆగమన్నాడు. అప్పటికీ వాళ్ళ లెక్క ప్రకారం లబన్‌కు ఒక రోజు గడువు మిగిలి ఉంటుందని, ఆ ఒక్క రోజులో అమ్ముకోవచ్చని చెప్పాడు. లెక్క తప్పులేదు. డ్రైవరు ఇఖామా సంగతి చెప్పాను. అది హెచ్.ఆర్. చూసుకుంటుందన్నాడు. హెచ్.ఆర్.కు శనివారం దాకా సెలవన్నాను. అయితే శనివారం చూస్తారన్నాడు.

గురువారం తెల్లవారాక కంపెనీ కారులో సరిహద్దుకు బయల్దేరాను. మా ఇల్లు రియాద్‌లో మలాజ్‌లో. నా భార్య అక్కడి ఇండియన్ స్కూల్లో టీచరు. ఎందుకు వెళ్తున్నానో చెబితే ఆవిడ ఒకే మాట అంది. "మీ ఇఖామా కూడా ఈ ఏడే కదండీ." నాకూ ఆరేళ్ళు దాటాయి. నా గడువుకు ఇంకా కొన్ని నెలలున్నాయి. ఈలోగా కంపెనీ ఆకుపచ్చ అవుతుందని, నన్ను ఉంచుకుంటారని జనరల్ మేనేజరు నోటిమాటగా చెప్పి ఉన్నాడు. ఆ మాట ఆవిడ గుర్తుచేయలేదు. ఇద్దరికి సరిపడా చపాతీలూ బంగాళదుంప కూరా కట్టి ఇచ్చింది.

సరిహద్దు దారి పొడవునా ఇసుక, కరెంటు స్తంభాలు, అప్పుడప్పుడు ఒంటెలు. గేటుకు సెలవులుండవు. అక్కడి కస్టమ్స్ పర్యవేక్షకుణ్ణి అందరూ అబూ నాసిర్ అని పిలుస్తారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. నియమాల మీద గౌరవం ఉంది గానీ భక్తి లేదు. కంపెనీ ప్రతినిధినని చూపిస్తే యార్డులోకి పాస్ ఇచ్చాడు. సరుకుతో బండి వెనక్కి రావాలంటే లేఖ కావాలని, ఖాళీ బండి రావాలంటే ఏమీ అక్కర్లేదని, ఎవరూ అడగకుండానే చెప్పాడు.

యార్డు అంటే రెండు దేశాల గేట్ల మధ్య కంచె వేసిన సిమెంటు నేల. తిరిగొచ్చిన బండ్లన్నీ అక్కడే ఆగుతాయి. టైల్స్ బండి, ఉల్లిపాయల బండి, ప్లాస్టిక్ కుర్చీల బండి. ప్రతిదానికీ ఒక తాత్కాలిక కారణం ఉంది. టైల్స్ బండి డ్రైవరు పెషావర్‌వాడు, ఆ కారణంతో రెండు వారాల నుంచీ అక్కడే ఉన్నాడు.

మస్తాన్ బండి నీడన కూర్చుని ఉన్నాడు. పెట్టెను చల్లబరిచే చిల్లరు నడుస్తోంది. లోపల నాలుగు డిగ్రీలు, బయట నలభై దాటి ఉంటుంది. క్యాబిన్ ఏసీ మాత్రం కట్టేశాడు. ఎందుకని అడిగాను.

"డీజిలు రెండింటికీ చాలదు సార్. సరుకు పాడైతే నా మీదకొస్తాది."

చపాతీలు తింటూ అతను జిజాన్ సంగతి చెప్పాడు. కొడుకు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు, ఇంకో రెండేళ్ళు. ఆ రెండేళ్ళు జిజాన్‌లో చేసి, దేశం వదిలే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని మర్యాదగా పోదామనుకున్నాడు.

"దొంగమాదిరి పోకూడదు సార్. పదేండ్లు చేసినాను. నడిమద్దెన ఇట్ల కూచోబెట్టి, నీకే దేశమూ లేదు పో అంటే యెట్ల?"

నా దగ్గర ఉన్నది క్వాలిటీ మాన్యువల్ మాత్రమే.

సరుకు వదిలించుకోవాలి, అంతే. పారబోయవచ్చా? యార్డు నేల మీద ఏదైనా పారబోస్తే పర్యావరణ విభాగం నుంచి కమిటీ రావాలి. కమిటీకి సెలవు. చెడిపోయిందని రాసి నాశనం చేయవచ్చా? చెడిపోయిందని నేను సంతకం చేయాలి, అది అబద్ధం. పైగా చెడిపోయినదాన్ని నాశనం చేయడానికి ఇంకో కమిటీ. దానం చేయవచ్చా? కంపెనీ ఆస్తిని దానం చేసే అధికారం బోర్డుకే ఉంది. నాకున్న అధికారాలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. అట్టే సేపు పట్టలేదు.

మాన్యువల్లో ఒక అధికారం మాత్రం నాకు పూర్తిగా ఉంది. నాణ్యతాధికారి సరఫరా మార్గంలో ఎక్కడైనా, ఎప్పుడైనా, రుచి పరీక్ష కోసం శాంపిళ్ళు తీయవచ్చు. ఎన్ని తీయవచ్చు అన్నచోట 'తగినన్ని' అని ఉంది. ఆ మాన్యువల్ ఒక విదేశీ కన్సల్టెన్సీ వాళ్ళు రాసింది, చాలా ఖరీదైనది. దాన్ని ఉల్లంఘించే ఉద్దేశం నాకు లేదు.

అయినా వెంటనే మొదలుపెట్టలేదు. జనరల్ మేనేజరుకు మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను. ఒక గంట చూశాను. బండి నీడ కుదించుకుపోయి మస్తాన్ కాళ్ళు ఎండలోకి వచ్చాయి, అతను జరిగి కూర్చున్నాడు. నా భార్య అన్న మాట గుర్తుకొచ్చింది. భయం వేయలేదని చెప్పను. ఉద్యోగం పోతే మేమూ ఈ దేశం వదిలి పోవాలి. కానీ మాకు చేతిలో టికెట్టు, పాస్‌పోర్టులో ముద్ర ఉంటాయి. అతనికి అవీ ఉండవు.

"తలుపు తియ్యి మస్తాన్. శాంపిల్ తీయాలి," అన్నాను.

"ఎన్ని సార్?"

"బండెడు."

అతను నా ముఖం వైపు చూశాడు. నవ్వలేదు. లేచి, అలవాటు ప్రకారం రబ్బరు తడిమి, తలుపు తీశాడు.

మొదటి శాంపిళ్ళు యార్డులోని డ్రైవర్లకు. ఉల్లిపాయల బండి డ్రైవరు మూడు సీసాలు పరీక్షించి సంతృప్తి చెందాడు. పెషావర్ ఆయన రెండు పెట్టెలు పట్టుకెళ్ళాడు. కానీ బండిలో ఉన్నవి కొన్ని వేల సీసాలు. రుచి చూసేవాళ్ళు చాలలేదు.

అప్పుడు కంచె పక్కన కేబుల్ గుంతలు తవ్వుతున్న ముఠా కనిపించింది. సరిహద్దు పోస్టును పెద్దది చేసే పని నడుస్తోంది. వాళ్ళ ఫోర్‌మన్ గంగాధర్, జగిత్యాల వైపు మనిషి, మా తెలుగు విని దగ్గరికొచ్చాడు.

"సారూ, గిన్ని డబ్బలు ఊకెనే పంచుతున్రా? ఖరాబైనయా ఏంది?"

"ఖరాబు కాలేదు. నేనే పరీక్ష చేశాను."

"మరి గట్లయితే ఎందుకు పంచుతున్రు?"

అతనికి పరస్పర గుర్తింపు, తాత్కాలిక మినహాయింపు, మినహాయింపు నుంచి మినహాయింపు అన్నీ వివరించాను. ఓపికగా విన్నాడు. చివరికి మస్తాన్‌ను చూపించి, ఈయన ఇఖామా రేపటితో అయిపోతుంది, బండి ఖాళీ అయితేనే లోపలికి రానిస్తారు అన్నాను.

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా సారూ," అని వెనక్కి తిరిగి తన మనుషుల్ని కేకేశాడు.

క్యాంపు సౌదీ వైపు ఉంది. నాలుగైదు వందల మంది ఉంటారన్నాడు. సీసాలు క్యాంపుకు తీసుకెళ్తే అది దిగుమతి అవుతుందా అని నాకు అనుమానం వచ్చింది. అబూ నాసిర్‌ను అడిగాను. మనిషి తాగడానికి చేతిలో పట్టుకెళ్ళేది సరుకు కాదన్నాడు ఆయన. చేతిలో ఎంత పట్టవచ్చని అడిగితే, చేతిని బట్టి ఉంటుందన్నాడు. గంగాధర్ మనుషుల చేతులు పెద్దవి. ఒక్కొక్కరు రెండేసి పెట్టెలు పట్టారు. వాళ్ళ బస్సు ఆ సాయంత్రం రెండు ట్రిప్పులు తిరిగింది.

గురువారం పొరుగువాళ్ళకు పనిరోజు. యార్డులో సందడి చూసి అవతలి తనిఖీదారు నడుచుకుంటూ వచ్చాడు. మా బండిని తిప్పి పంపిన మనిషి అతనే. కళ్ళజోడు పెట్టుకున్న మర్యాదస్తుడు. ఏం జరుగుతోందని ఇంగ్లీషులో అడిగాడు. శాంపిలింగ్ అన్నాను. తలూపాడు. తమ ఇంట్లో పిల్లలు తాగేది మా లబనే అని, జాబితాలో పేరు లేకపోతే తాను చేయగలిగింది ఏమీ లేదని, ఈ సంగతి మనసులో పెట్టుకోవద్దని చెప్పాడు. పెట్టుకోలేదన్నాను. కాస్త తటపటాయించి, ఇది ఇప్పుడు బాగానే ఉందా అని అడిగాడు. రిలీజ్ చేస్తూ సంతకం పెట్టింది నేనే అని చెప్పాను. ఒక సీసా తీసుకుని అక్కడే నిలబడి తాగాడు. ఇంకో రెండు ఇంటికి పట్టుకెళ్ళాడు. పొరుగు ప్రభుత్వం నా సంతకాన్ని బేషరతుగా గుర్తించిన సందర్భం నా సర్వీసులో అదొక్కటే.

చీకటి పడేముందు జనరల్ మేనేజరు ఫోన్ వచ్చింది. మెసేజ్ చూశానని, శాంపిళ్ళంటే ఎన్ని తీశారని అడిగాడు. ఇంకా తీస్తూనే ఉన్నామన్నాను. ఆపమన్నాడు. సగానికి పైగా అయిపోయింది, సగం సరుకుతో బండి ముందుకు వెళ్తే ఎగుమతి పత్రంలోని సంఖ్యతో కుదరదు, వాళ్ళు దాన్ని వేరే నేరంగా చూస్తారన్నాను. అది నిజమే. శనివారం ఆఫీసులో కలవమని ఫోన్ పెట్టేశాడు.

మిగిలినది శుక్రవారం పొద్దున జరిగింది. జుమా నమాజుకు ముందు, సరిహద్దు మసీదు దగ్గర ప్రయాణికుల బస్సులు ఆగుతాయి. అబూ నాసిర్ పంపిన మనుషులు మిగతా పెట్టెలు అక్కడికి పట్టుకెళ్ళారు. మస్తాన్ నమాజు చేసుకుని వచ్చి, ఖాళీ బండి లోపల కడిగి, తలుపులు బార్లా తెరిచి పెట్టాడు.

ఇక బండిని లోపలికి తీసుకెళ్ళడమే. కానీ ఖాళీ బండి ఖాళీ అని కంప్యూటర్లో ఎక్కాలి. అది ఎక్కించవలసిన అబూ నాసిర్ నమాజు తర్వాత భోజనానికి వెళ్ళాడు. పాస్‌పోర్టు కిటికీలో కూర్చున్న గుమాస్తా ఇఖామా చూసి, ఇవాళ్టితో అయిపోతోందే అన్నాడు. అవునన్నాం. ఇవాళ అంటే ఎప్పటిదాకా అని నేను అడగకుండా ఉండాల్సింది. హిజ్రీ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మారిపోతుంది. కంప్యూటరు అర్ధరాత్రి దాకా ఒప్పుకుంటుందని ఒక గుమాస్తా, సాయంత్రపు మగ్రిబ్ నమాజు దాకానే అని పక్క గుమాస్తా వాదించుకున్నారు. ఇద్దరూ నమ్మకంగానే చెప్పారు.

మస్తాన్ ఆ వాదన విని వచ్చి బండి దగ్గర నిలబడ్డాడు. నీడ తూర్పుకు సాగుతోంది. అతను దాన్నే చూస్తున్నాడు.

"ఇంటికి ఫోన్ చేశావా?" అన్నాను.

"ఏమని చెప్పేది సార్? గేటు కాడ ఉండా అని చెప్పినా. యే గేటని అడిగింది మా ఆమె. చెప్పలేకపోయినా."

సాయంత్రానికి ముందు చేసే అసర్ నమాజు అయ్యాక అబూ నాసిర్ వచ్చాడు. బండిలోకి తొంగి చూశాడు. మూలలో ఒక పెట్టె మిగిలి ఉంది. అది మస్తాన్ తనకోసం దాచుకున్నదేమో అని నేను కంగారుపడ్డాను.

"మీ కోసరం పెట్టినాను," అన్నాడు మస్తాన్ ఆయనతో, తనకు వచ్చిన అరబ్బీలో. ఆయన ఆ పెట్టె చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళి కంప్యూటర్లో ఖాళీ అని కొట్టాడు.

మస్తాన్ ఇఖామా మీద ప్రవేశం పడేటప్పటికి ఎండ ఇంకా గోడ మీద ఉంది. గేటు దాటి వంద గజాలు వచ్చాక బండి పక్కకు ఆపాడు. నేను వెనక కారులో ఉన్నాను. దిగి వెళ్ళాను. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. థాంక్స్ చెబుతాడనుకున్నాను.

"పదేండ్లలో ఒక్క ట్రిప్పు కూడా సరుకు అందీకుండా వాపస్ రాలేదు సార్," అన్నాడు. నేను వాదించలేదు.

శనివారం ఆఫీసులో విచారణ జరిగింది. జనరల్ మేనేజరు, ఫైనాన్స్ మేనేజరు, సేల్స్ మేనేజరు కూర్చున్నారు. ఒక బండి సరుకంతా శాంపిల్ తీసే అధికారం ఎవరిచ్చారని అడిగారు. మాన్యువల్ తెరిచి చూపించాను. 'తగినన్ని' అన్న మాటను ముగ్గురూ వంతులవారీగా చదివారు. రుచి పరీక్ష ఫలితం ఏమిటని ఫైనాన్స్ మేనేజరు వెటకారంగా అడిగాడు. పరీక్షించినవాళ్ళలో ఎవరూ ఫిర్యాదు చేయలేదని నివేదించాను. అది నిజంగానే మా ఉత్పత్తుల్లో అరుదైన ఫలితం. నాకు లిఖితపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు, ఆ ఏడు ఇంక్రిమెంటు ఆపారు. 'నోటెడ్ విత్ థాంక్స్' అని రాసినవారికి ఆ ఏడు ఉత్తమ విభాగం బహుమతి వచ్చింది. తర్వాతి నెలలో మాన్యువల్ సవరించి శాంపిళ్ళకు పరిమితి పెట్టారు. మొత్తం సర్వీసులో ఆ పుస్తకం మీద నేను వేసిన ముద్ర అదే.

మస్తాన్‌ను ఎవరూ విచారించలేదు. అతని పేరు ఆ సమావేశంలో ఒక్కసారి వచ్చింది, 'ది డ్రైవర్' అని. ఆ వారంలోనే మొహలత్ కింద జిజాన్ కంపెనీ అతని బదిలీ పెట్టుకుంది. మా అనుమతి అక్కర్లేకుండానే అయిపోయింది. జిజాన్‌లో కోళ్ళ బండి నడిపాడు. అనుకున్న రెండేళ్ళు మూడయ్యాయి. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకున్న రోజు రియాద్ విమానాశ్రయం నుంచి నాకు ఫోన్ చేసి, పోతాండా సార్ అని చెప్పాడు. ముద్ర సరిగా పడిందో లేదో చూసుకోమన్నాను. చూసుకున్నానన్నాడు.

మా కంపెనీ ఆ ఏడు చివరికి ఆకుపచ్చ అయింది. కావలసినంతమంది సౌదీలను జీతాల పట్టికలో చేర్చారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆఫీసుకు కూడా వచ్చేవారు, బాగా పనిచేసేవారు. నా ఇఖామా రెన్యూ అయింది. ఆ వేసవిలోనే సౌదీ ప్రభుత్వం వారాంతపు సెలవులను శుక్ర, శనివారాలకు మార్చింది. పొరుగు దేశాలతో వ్యాపారం సులువవుతుందని పత్రికలు రాశాయి. లబన్ మీద మినహాయింపు మాత్రం తాత్కాలికంగానే కొనసాగింది. నేను రిటైరయ్యే నాటికి ఉమ్మడి సంఘం అధ్యక్షుడు కూడా రిటైరయ్యాడు.

ఆ సంఘటన నాకు నేర్పింది వృత్తికి సంబంధించిన చిన్న విషయం. ఏ ఉత్తర్వు వచ్చినా అది ఎప్పటి నుంచి అమలు అన్నది అందరూ చదువుతారు. ఎప్పుడు అమల్లో ఉండదు, ఆ సమయంలో రోడ్డు మీద ఎవరుంటారు అన్నది చదవాలి. అప్పటినుంచి సరుకు పంపే ముందు నేను సంతకం పెట్టే పత్రంలో ఒక గడి చేర్చాను. ఉష్ణోగ్రత, పులుపు, సీసా గడువు, వాటి కింద డ్రైవరు ఇఖామా గడువు. అది నాణ్యతా ప్రమాణం కాదని సేల్స్ విభాగం అభ్యంతరం చెప్పింది. తేదీ దాటినది ఏదైనా సరిహద్దు దాటదని జవాబు రాశాను. ఆ గడి ఖాళీగా ఉన్న ఏ బండినీ ఆ తర్వాత నేను విడుదల చేయలేదు.